మరక నీళ్ళది, లేని పన్ను మా నాయనది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆరోగ్య ప్రశ్నల పేజీలో ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న చదివాను. ఆమెకు ఐదో నెల. అత్తగారింట్లో నలభై దాటకుండానే అందరికీ పళ్ళు ఊడిపోయాయట. తనకూ ఈ మధ్య చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందట. "నాకు పుట్టబోయే బిడ్డకు కూడా ఇంతేనా?" అని అడిగింది. డాక్టరు గారు నాలుగు వాక్యాల్లో ధైర్యం చెప్పి, పళ్ళ డాక్టరును కలవమన్నారు. ఆయన చెప్పింది సరైనదే. పేజీలో జాగా తక్కువ, ప్రశ్నలు ఎక్కువ, అది నాకూ తెలుసు. కానీ ఆ అమ్మాయి భయం నాలుగు వాక్యాలతో పోయేది కాదు. అదే భయాన్ని నేను ఏళ్ళ తరబడి నోట్లో పెట్టుకుని తిరిగాను. అందుకే ఈ ఉత్తరం పొడుగైంది. కత్తెర వేయాలనుకుంటే మధ్యలో వేయండి, చివర మాత్రం ఉంచండి.

నేను డాక్టరును కాను. అనంతపురం పాతూరులో లేడీస్ టైలర్ని. జాకెట్లు, ఫాల్, పీకో. కడుపుతో ఉన్నవాళ్ళు మా అంగడికి రెండుసార్లు వస్తారు. నాలుగో నెలలో పాత జాకెట్ల కుట్లు వదులు చేయించుకోవడానికి, ఏడో నెలలో శ్రీమంతం చీరకు కొత్త జాకెట్టు కుట్టించుకోవడానికి. కొలత తీసేటప్పుడు వాళ్ళ నోరు నా చెవి పక్కనే ఉంటుంది కదా, ఇంట్లో చెప్పనివి కూడా నాకు చెబుతారు. వాంతులు, నడుము నొప్పి, అత్త సాధింపులు, వీటి తర్వాత ఎక్కువగా వినేది పళ్ళ సంగతే.

ముందు నా పళ్ళ సంగతి చెప్పాలి.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. నేను 1984లో పుట్టాను. పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చినప్పుడే వాటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు ఉన్నాయి. మా పక్క వీటిని గారపళ్ళు అంటారు. మా అవ్వ యాపపుల్లతో తోమించింది, బొగ్గుపొడి, ఉప్పు పెట్టించింది, ఒకసారి ఇటుకపొడి కూడా. చారలు పోలేదు గానీ చిగుళ్ళు గీరుకుపోయాయి. చివరికి అవ్వే తీర్పు చెప్పింది: "మన వంశమే గారపళ్ళ వంశం, ఏం చేస్తాం." అవ్వకూ అవే పళ్ళు, నాయనకూ అవే పళ్ళు. ఇంక ఎవరైనా వేరే మాట ఎలా అంటారు?

2005లో నా పెళ్ళిచూపులు. వచ్చిన వాళ్ళలో ఒక పెద్దామె నేను కాఫీ ఇస్తున్నప్పుడు నోటి వైపే చూసి, "మీ ఇంట్లో అందరికీ ఇట్లేనా?" అంది. మా అమ్మ వెంటనే, "మా అత్తగారి వైపుది" అని చెప్పేసింది. నాయన పంచె అంచు సర్దుకుంటూ కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు. ఆ సంబంధం కుదరలేదు, తర్వాతది కుదిరింది. కానీ మా పెళ్ళి ఆల్బంలో నేను పళ్ళు కనబడేలా నవ్విన ఫోటో ఒక్కటీ లేదు. ఫోటోగ్రాఫరు "నవ్వమ్మా" అన్న ప్రతిసారీ పెదాలు బిగించేదాన్ని.

మా తమ్ముడు 1997లో పుట్టాడు. వాడి పళ్ళు పాలలా తెల్లగా ఉంటాయి. దానికీ అవ్వ దగ్గర జవాబు ఉంది: "వాడు మేనమామ పోలిక."

అసలు సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, మా అబ్బాయిని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినప్పుడు. వాడి పళ్ళు చూపించడానికి పోతే ఆమె నా పళ్ళు చూసి, "మీది ఏ ఊరమ్మా? మీ ఊరికి కొళాయి నీళ్ళు ఎప్పుడొచ్చాయి?" అని అడిగింది. పళ్ళ ఆస్పత్రిలో కొళాయి సంగతి ఎందుకో నాకు అర్థం కాలేదు. 1995 ప్రాంతంలో సత్యసాయి నీళ్ళు అని మా జిల్లాలో 700కు పైగా ఊళ్ళకు పైపులు వేశారు, మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా ఊరికీ ఆ లెక్కలోనే వచ్చాయి. అంతకు ముందు మేము తాగింది బోరింగు నీళ్ళు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని లెక్క. మా జిల్లాలో ఎన్నో బోర్లు ఆ గీత దాటినవే. పంటి పైపొర చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే పుట్టిన కొన్ని నెలల నుంచి ఎనిమిదేళ్ళ దాకా, ఆ నీళ్ళు తాగితే మరక పొరలోపలే పడుతుంది. అందుకే తోమితే పోదు. మంచినీళ్ళ ఊళ్ళో పెరిగి, పెద్దయ్యాక ఆ ఊరికి కాపురానికి వచ్చిన కోడలికి మాత్రం ఆ చారలు రావు, ఎందుకంటే ఆమె పళ్ళు అప్పటికే తయారైపోయి ఉంటాయి. ఇది వినగానే అలా బయటి నుంచి వచ్చిన మా ఊరి కోడళ్ళంతా వరసగా కళ్ళ ముందు కనిపించారు. నిజమే, ఎవరికీ లేవు! వాళ్ళ పిల్లలకు ఉన్నాయి. దాన్ని మేము ఇన్నేళ్ళూ "నాయన పోలిక" అంటూ వచ్చాం.

నాకూ మా తమ్ముడికీ ఒకే అమ్మ, ఒకే నాయన. మధ్యలో మారింది బిందెలో నీళ్ళే.

(ఒక మాట. ఇప్పటికీ బోరు నీళ్ళు కాచి పిల్లలకు పట్టేవాళ్ళు ఉన్నారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.)

అయితే డాక్టరమ్మ అక్కడితో ఆగలేదు. మా అబ్బాయికి పైవరసలో ముందరి రెండు పెద్ద పళ్ళ పక్కన ఒక పన్ను సన్నగా, బియ్యపు గింజను నిలబెట్టినట్టు వచ్చింది. ఆమె అది చూసి, నన్ను నోరు తెరవమని, అద్దం చేతికిచ్చి, "లెక్కపెట్టండి" అంది. పెద్ద పళ్ళు రెండు, ఆ పక్కనే కోరపళ్ళు. మధ్యలో రెండు వైపులా ఉండాల్సిన చిన్న పళ్ళు నాకు లేవు. ముప్పై ఏళ్ళు దాటాక, నా నోట్లో రెండు పళ్ళు తక్కువని తెలిసింది! చారలు దాచుకునే టెన్షన్లో పళ్ళు లెక్కపెట్టుకునే తీరిక నాకెక్కడిది?

ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేసి నాయనను అద్దం ముందు నిలబడమన్నాను. "ఏమే, పన్ను పీకించుకున్న్యావేమో అని చూస్తాండావా?" అని నవ్వాడు. ఆయనకూ ఆ రెండూ లేవు, పీకించుకున్న గుర్తూ లేదు. తమ్ముడిని చూస్తే, తెల్లటి పళ్ళే గానీ, ఎడమ పక్కది లేదు. నీళ్ళు మారినా అది మారలేదు. పుట్టుకతోనే కొన్ని పళ్ళు మొలక లేకపోవడం, ఉన్నా పుల్లలా సన్నగా రావడం, ఈ రెండూ ఒకే దారిలో వచ్చే వంశపు గుర్తులట. అమ్మానాన్నల్లో ఒకరికి ఉన్నా చాలు, బిడ్డకు రావచ్చు. ఒక బిడ్డకు రెండూ లేకపోవచ్చు, ఇంకొకరికి ఒకటే లేకపోవచ్చు, మరొకరికి సన్నగా రావచ్చు, ఎవరికైనా అసలేమీ కాకపోవచ్చు. అంటే మా ఇంట్లో వంశమని అందరూ ఒప్పుకున్నది వంశం కాదు. వంశంగా వచ్చినదాన్ని మూడు తరాలుగా ఒక్కరూ గమనించలేదు. అవ్వ ఉండి ఉంటే ఏమనేదో!

నా ముందు పన్ను అంచున ఒక చిన్న గాటు కూడా ఉంది. దారం కొరికి కొరికి పడింది. డాక్టరమ్మ దాన్ని చూడగానే "టైలరా?" అని అడిగింది. నా నోట్లో ఒకటి నీళ్ళది, ఒకటి నాయనది. ఆ గాటు మాత్రం నా స్వార్జితం.

ఆ చెల్లెలి అత్తగారింటి సంగతి కూడా నాకు ఇలాగే అనిపిస్తోంది. చిగుళ్ళ జబ్బు త్వరగా ముదిరే తత్వం కొంత రక్తంలో వచ్చే మాట నిజమే, డాక్టరమ్మ కూడా కాదనలేదు. కానీ మా మామగారి పళ్ళు నలభై ఆరేళ్ళకే కదిలితే, అది ఆయన తండ్రి నుంచి వచ్చిందని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆయన బీడీ, ఆయన తండ్రి బీడీ, ఇద్దరి షుగరూ ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలకు పుప్పిపళ్ళు రావడం కూడా అంతే. "మా ఇంట్లో అందరికీ పుప్పిపళ్ళే" అనే తల్లి, పాలు వేడి చూసిన చెంచానే కడిగీ కడగకుండా బిడ్డ నోట్లో పెడుతుంది. పన్నును పుచ్చబెట్టే క్రిములు పుట్టినప్పుడు బిడ్డ నోట్లో ఉండవట. ఎక్కువగా తల్లి ఎంగిలితోనే చేరుతాయట. ఆ మీద రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే ఇంక చెప్పేదేముంది. మా ఇంట్లో ముద్ద నమిలి పిల్లల నోట్లో పెట్టే అలవాటు మా అవ్వది, అమ్మది, నాది. మూడు తరాలు ఒకే చెంచా.

ఇంక కడుపుతో ఉన్నప్పటి సంగతి.

2014లో మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు మూడో నెల నుంచే బ్రష్ మీద రక్తం. ఉమ్మితే నురగంతా గులాబీ రంగు. నేను చేసిన తెలివితక్కువ పని, బ్రష్ మానేశాను. వేలితో పళ్ళపొడి రాసుకుని పుక్కిలించేదాన్ని. రక్తం తగ్గింది కదా అని సంతోషించాను కూడా. పైన రక్తం కనబడలేదు గానీ లోపల పాచి పేరుకుంటూ పోయింది. గర్భిణుల్లో నూటికి 60 నుంచి 75 మందికి చిగుళ్ళు ఇలా వాస్తాయట. ఒంట్లో హార్మోన్లు పెరిగి, మామూలుగా పట్టించుకోని కొద్దిపాటి పాచికి కూడా చిగురు ఎర్రబడి వాచిపోతుంది. అప్పుడు చేయాల్సింది మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమడం. నేను సరిగ్గా దానికి ఎదురు చేశాను.

ఆరో నెలలో కింద దవడ పన్ను నొప్పి మొదలైంది. మా అత్త, "ఒక్కో కాన్పుకు ఒక పన్ను పోతాది, బిడ్డ తన ఎముకలకు తల్లి పంట్లో సున్నం లాక్కుంటాది" అంది. ఆమెకు నలుగురు పిల్లలు, దవడ పళ్ళు నాలుగు లేవు. లెక్క కుదిరింది కదా! నేనూ నమ్మాను. ఒక క్లినిక్కుకు పోతే, "కడుపుతో ఉన్నారు కదా, డెలివరీ అయ్యాక రండి" అని పంపేశారు. మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకున్నాను. ఏ మాత్రో కూడా చూసుకోలేదు. ఏడో నెల చివర ఒక రాత్రి చెంప ఉబ్బిపోయి, కన్ను సగం మూసుకుపోయి, జ్వరంతో వణుకుతూ కూర్చున్నాను. బిడ్డ కదులుతోందా లేదా అని రాత్రంతా పొట్ట మీద చెయ్యి వేసుకునే ఉన్నాను. ఇంతకంటే రాయలేను.

మర్నాడు ఇంకో చోట ఒక పెద్ద డాక్టరు తిట్టాడు, మంచి తిట్లే. సూది వేసి చీము తీసి, రూట్ కెనాల్ మొదలుపెట్టాడు. తిమ్మిరి సూదితో బిడ్డకు ఏం కాదు, చీముతోనే ప్రమాదం అన్నాడు. ఆయన చెప్పినవీ, తర్వాత డాక్టరమ్మ చెప్పినవీ కలిపి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. గట్టిపడిపోయిన పంట్లో నుంచి కాల్షియం వెనక్కి పోదు. బిడ్డకు తల్లి తిండిలో నుంచి పోతుంది, చాలకపోతే తల్లి ఎముకల నుంచి తీసుకుంటుంది. మా అత్త పళ్ళు పోయింది బిడ్డల వల్ల కాదు, ప్రతి కాన్పులోనూ ఆమె పళ్ళను ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల. నొప్పి వస్తే నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా వైద్యానికి వీలైన కాలం. భరించలేని నొప్పి, వాపు ఉంటే ఏ నెలైనా ఆగకూడదు. ఎక్స్‌రే తప్పనిసరైతే పొట్టకు సీసం కవచం వేసి తీస్తారు. నొప్పి మాత్రల్లో బ్రూఫెన్ లాంటివి చివరి నెలల్లో బిడ్డ గుండెకు మంచివి కావు. టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు నాలుగో నెల దాటాక తల్లి మింగితే, బిడ్డ పాలపళ్ళకు రంగు పడొచ్చు. ఆ బిడ్డ పళ్ళు చూసి కూడా మనవాళ్ళు "ఎవరి పోలికో" అనే అంటారు!

వాంతుల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నా. వాంతి అవగానే నోరు పులుపెక్కి బ్రష్ చేయాలనిపిస్తుంది. అప్పుడే చేస్తే, పుల్లటి నీళ్ళకు మెత్తబడిన పంటి పైపొర అరిగిపోతుంది. గ్లాసు నీళ్ళలో చెంచాడు తినే సోడా, బజ్జీల్లో వేసేదే, కలిపి పుక్కిలించి, అరగంట ఆగి బ్రష్ చేస్తే చాలు. మా అంగడి గోడకు ఇది ఒక కాగితం మీద రాసి అంటించాను. జాకెట్టు రేట్ల కాగితం కంటే దాన్నే ఎక్కువ మంది చదువుతున్నారు.

పోయినేడు మా అంగడికి వచ్చిన ఒక అమ్మాయికి చిగురు మీద రేగుపండంత ఎర్రటి కాయ లేచింది, ముట్టుకుంటే రక్తం. ఇంట్లో క్యాన్సర్ అని ఏడుపులు. గర్భిణుల్లో నూటికి ఐదుగురి దాకా వచ్చేదేనట అది. క్యాన్సర్ కాదు, కాన్పయ్యాక చాలామందికి దానంతటదే కరిగిపోతుంది. ఆ అమ్మాయికి కాన్పయ్యాక, బిడ్డకు మూడో నెల వచ్చేసరికే ఆ కాయ పోయింది. అయినా అది ఏమిటో చూసి చెప్పాల్సింది డాక్టరే, నేను కాదు, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటామె అసలే కాదు.

నెలలు నిండకుండా కాన్పులు చిగుళ్ళ జబ్బు వల్లేనా అని కూడా డాక్టరమ్మను అడిగాను. జబ్బు ఉన్నవాళ్ళలో అవి ఎక్కువగా కనిపించాయి గానీ, కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు బాగుచేసినంత మాత్రాన అలాంటి కాన్పులు తగ్గినట్టు పెద్ద పరిశోధనల్లో తేలలేదని చెప్పింది. చిగుళ్ళు బాగుచేయించుకోవడం వల్ల తల్లికి మాత్రం మేలే అంది. భయపెట్టి పంపకుండా ఉన్నదున్నట్టు చెప్పినందుకు నాకు ఆమె మీద గురి కుదిరింది.

మా తమ్ముడు చేసుకున్నది మేనమామ కూతురినే. ఆ సంగతీ అడిగాను. పళ్ళు మొలవకపోవడానికి ఒక వైపు నుంచి వస్తే చాలు, దానికి మేనరికంతో పెద్ద పని లేదట. కానీ తల్లిలోనూ తండ్రిలోనూ బయటికి కనబడకుండా దాగి ఉండి, రెండూ కలిస్తేనే బిడ్డలో బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. పంటి పైపొర సరిగ్గా కట్టకపోవడంలో కొన్ని రకాలు, అరచేతులు, అరికాళ్ళు మందంగా ఉండి పాలపళ్ళు నాలుగైదేళ్ళకే ఊడిపోవడం లాంటివి. రక్తసంబంధంలో చేసుకుంటే అలాంటివి కలిసే అవకాశం పెరుగుతుంది. మేనరికాలు వద్దని ఇంకా రాస్తే మా మామ మీ పత్రిక వేయించుకోవడం మానేస్తాడు, అందుకని ఇక్కడితో ఆపుతాను.

ఇప్పుడు అసలు అడగాల్సింది. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు, 2016 నుంచి దేశమంతా ఉంది. మా మరదలికి తోడుగా నేనూ రెండుసార్లు పోయాను. బీపీ, బరువు, రక్తం, స్కానింగు రాసివ్వడం, అన్నీ ఓపికగా చూశారు. కాల్షియం మాత్రలు రోజుకు రెండు, ఐరన్ మాత్రతో కలిపి మింగొద్దని కూడా చెప్పారు. కానీ మేము పోయిన చోట రెండుసార్లూ నోరు తెరవమని ఎవరూ అనలేదు. ఎక్కువ ఏమీ అక్కర్లేదు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా, పన్ను నొప్పి ఉందా, ఈ రెండు ప్రశ్నలు నర్సమ్మ అడిగి కార్డు మీద రాస్తే చాలు. ఉందన్నవాళ్ళను పళ్ళ డాక్టరు దగ్గరికి పంపితే సరిపోతుంది. కడపలో సర్కారు పళ్ళ కాలేజీ ఉంది, కర్నూలులోనూ పళ్ళ కాలేజీ ఉంది. మా జిల్లా పల్లెలకు నెలకొక రోజు ఒక డాక్టరును పంపలేరా? ఈ మాట మీ పత్రికలో వస్తే చూడాల్సినవాళ్ళు చూస్తారని ఆశ.

ఆ చెల్లెలికి: అమ్మా, నీకు ఐదో నెల. ఈ వారమే పో. కడుపుతో ఉన్నానని ముందే చెప్పు, ఏ మాత్రలు వాడుతున్నావో చీటీ తీసుకుపో. తర్వాత రమ్మంటే ఇంకో చోటికి పో. బ్రష్ మాత్రం మానొద్దు. మీ అత్తగారింట్లో ఎవరికి షుగరు, ఎవరికి బీడీ, ఏ నీళ్ళు తాగి పెరిగారు, ఇవి కూడా అడిగి తెలుసుకుని పో, డాక్టరు తప్పకుండా అడుగుతారు.

మా మరదలికి ఇప్పుడు ఎనిమిదో నెల. మొన్నే పళ్ళు శుభ్రం చేయించాం. బిడ్డ పాలపళ్ళు ఇప్పటికే చిగురు లోపల గట్టిపడుతూ ఉంటాయట. ముందు పళ్ళ పక్కన శాశ్వతంగా రావాల్సిన ఆ చిన్న పన్ను వస్తుందో లేదో తెలియాలంటే మాత్రం ఎనిమిది తొమ్మిదేళ్ళు ఆగాలి. మా నాయనకు డెబ్బై రెండు. "అంతదాకా యాడికీ పోను, నా లేని పన్ను ఎవరికి ఇచ్చినానో చూసే పోతా" అంటున్నాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక లేడీస్ టైలర్,
పాతూరు, అనంతపురం.